అలలు లేని చోటు

వేసవి సెలవులు వస్తున్నాయంటే పిల్లలకి ఎంత సంబరమో అమ్మలకి అంత హడావిడి. ఏప్రిల్ మూడో వారం నుంచే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోస్టర్లు మొదలవుతాయి. అబాకస్, చేతిరాత, కరాటే, వేద గణితం, కీబోర్డు, ఆరో తరగతి పిల్లలకే ఐఐటీ ఫౌండేషన్. వాటి మధ్య ఈసారి ఒకటి వేరేగా కనబడింది. "సముద్ర జీవుల వేసవి శిబిరం. ఐదు రోజులు. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి. పాత బూట్లు తెచ్చుకోండి."

ఆ చివరి మాట నాకు నచ్చింది. యూనిఫాం కొనాలి, కిట్టు కొనాలి అనకుండా పాత బూట్లు తెచ్చుకోమంటున్నవాళ్ళు ఎవరా అని ఫోన్ చేశాను. జువాలజీ చదివిన ఇద్దరమ్మాయిలు నడుపుతున్నారట. వాళ్ళకి తోడుగా జోడుగుళ్ళపాలెం జాలరి పెద్దాయన ఒకరు. గదిలో కూర్చోబెట్టి చెప్పే పాఠాలు ఉండవు, తెన్నేటి పార్కు కింద రాళ్ళమీదే అంతా అన్నారు. 2020లో వాయుగుండానికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది చూశారూ, ఆ ఒడ్డే.

మాది కడప. పెళ్ళయ్యేదాకా నేను సముద్రం చూడలేదు. విశాఖ కోడలినై పద్నాలుగేళ్ళయింది. ఎంవీపీ కాలనీలో మా మేడ ఎక్కితే రెండు అపార్ట్‌మెంట్ల సందులోంచి నీలం గీత కనబడుతుంది. అయినా మా ఇంట్లో సముద్రమంటే ఆదివారం సాయంత్రం ఆర్కే బీచిలో దుప్పటి పరుచుకుని కూర్చోవడం, మురీ మిక్చరో కాల్చిన మొక్కజొన్న పొత్తులో తినడం, చీకటి పడకుండా ఇల్లు చేరడం. పిల్ల చీలమండ దాటి నీళ్ళలోకి దిగడానికి లేదు. అది మా అత్తయ్యగారి కట్టడి.

ఆవిడది భీమిలి దగ్గర పల్లె. చిన్నప్పుడు మాఘ పౌర్ణమి సముద్ర స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ తమ్ముడు మునిగిపోయాడు. మాకు తెలిసింది అంతవరకే. ఆవిడ ఆ మాట ఎత్తరు, మేమూ అడగం. మా ఆయన ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగి కూడా ఈత నేర్చుకోలేదంటే కారణం అదే.

అందుకని ముందు ఆవిడకే చెప్పాను. పోస్టర్ చూసి, గోడమీద క్యాలెండర్ చూశారు.

"అమ్మాయ్, ఇది అమావాస్య వెళ్ళిన మర్నాడు కదమ్మా. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పొంగుతుందని చంటిపిల్లలకి కూడా తెలుసు. ఏరి కోరి ఆ రోజులే పెట్టారా వీళ్ళు?"

నిజమే కదా అనిపించి మళ్ళీ ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "అవునండీ, ఏరి కోరే పెట్టాం. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒక వరసలోకి వస్తాయి. అప్పుడు పోటు ఎంత పైకి వస్తుందో ఆటు అంత కిందకి దిగుతుంది. మామూలు రోజుల్లో నీళ్ళ కింద ఉండే రాళ్ళు ఆ నాలుగైదు రోజులే బయటపడతాయి. నీళ్ళు దిగుతున్నప్పుడు వెళ్తాం, తిరుగు పోటు మొదలవగానే పైకి వచ్చేస్తాం."

ఇంకో చిక్కు టైములతో వచ్చింది. మొదటి రోజు మూడింటికి రమ్మన్నారు, రెండో రోజు మూడూ ముప్పావుకి, మూడో రోజు నాలుగున్నరకి. "రోజుకో టైమేమిటి, ఇదేం పద్ధతి?" అని మా ఆయన విసుక్కుంటుంటే, బియ్యంలో రాళ్ళేరుతున్న అత్తయ్యగారు వేళ్ళమీద ఏదో లెక్కపెట్టారు.

"రోజుకి రెండు ఘడియలు జరుగుతోందిరా. చంద్రుడు రోజూ ఆలస్యంగా పోతాడు చూడు, అదే లెక్క."

ఒక ఘడియంటే 24 నిమిషాలు, రెండు ఘడియలంటే 48. ఆటుపోట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయని శిబిరం వాళ్ళ కాగితంలో ఉంది. ఆవిడ ఆ కాగితం చదవనే లేదు. తిథిని బట్టి నీళ్ళు ఎప్పుడు దిగుతాయో వాళ్ళ ఊళ్ళో అందరికీ తెలుసుట.

"లెక్క తెలిసినవాళ్ళే పెట్టారు," అన్నారు చివరికి. "పంపించు. కానీ నువ్వు అక్కడే ఉండాలి. కళ్ళు తిప్పకూడదు."

అలా నేనూ శిబిరంలో చేరినట్టయింది. రోజుకి ఇద్దరు తల్లుల్ని ఉండమని వాళ్ళే అడుగుతున్నారు కాబట్టి నాకు పని కుదిరింది.

మొదటి రోజు గంటసేపు ఒక్క జీవిని కూడా చూపించలేదు. పదిహేనుమంది పిల్లలూ పార్కు మెట్ల దగ్గర నీడలో కూర్చుని నియమాలు చెప్పించుకున్నారు. అలకి వీపు పెట్టి నిలబడకూడదు. నాచున్న రాయిమీద కాలు పెట్టే ముందు చేత్తో తడమాలి. ఏ జీవినైనా ముట్టుకునే ముందు చేయి సముద్రపు నీళ్ళలో తడుపుకోవాలి, పొడి చేయి వాటికి మంట. ఒక్క వేలితోనే ముట్టుకోవాలి. రాయి ఎత్తితే, చూసి, ఎలా ఉన్నది అలాగే మళ్ళీ పెట్టాలి, ఎందుకంటే అది ఎవరిదో ఇంటి పైకప్పు. శంకువు ఆకారంలో ఉన్న గవ్వ ఎంత అందంగా ఉన్నా చేత్తో తీయకూడదు, లోపల నత్త బతికుంటే విషపు ముల్లు దించుతుంది. చివరిది, ఏదీ ఇంటికి తీసుకెళ్ళకూడదు.

ఆ చివరిది వినగానే నాలుగు మొహాలు వాడిపోయాయి. నలుగురూ సీసాలు తెచ్చుకున్నారు మరి.

తర్వాత రాళ్ళమీదకి దిగాం. నేను పద్నాలుగేళ్ళుగా పై నుంచి చూస్తున్న నల్లరాళ్ళే. దగ్గరికి వెళ్తే ఖాళీ ఒక్క జానెడు లేదు. పైవరసలో చిన్న చిన్న తెల్ల గోపురాల్లాంటివి గరుగ్గా అతుక్కుని ఉన్నాయి. బార్నకిల్స్ అంటారట. చూస్తే గవ్వ జాతి అనుకుంటాం కానీ అవి రొయ్యలకీ పీతలకీ చుట్టాలు. చిన్నప్పుడు నీళ్ళలో ఈదుతూ తిరిగి, ఒకచోట తల రాయికి అంటించుకుని, ఇక జన్మంతా తలకిందులుగా ఉండి కాళ్ళతో తిండి లాక్కుంటాయి. డార్విన్ మహాశయుడు వీటిని చదవడానికే 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్ళు పెట్టాడని చెబితే, "ఎనిమిదేళ్ళు ఒకే సబ్జెక్టా!" అని మా బుజ్జి నోరు తెరిచింది.

కింది వరసలో కాళ్ళు కోసేసే ఆల్చిప్పలు. ఇంకా కిందకి దిగితే రాళ్ళ మధ్య గుంటల్లో అద్దంలాంటి నీళ్ళు, వాటిలో పువ్వుల్లా విచ్చుకున్న సీ ఎనిమోన్లు. వేలు పెడితే బంక అంటుకున్నట్టు ఉంటుంది. అది బంక కాదు, కుట్టే కణాలు, మన వేలి చర్మం మందం కాబట్టి మనకి తెలియదు అన్నారు. పిల్లలకి నాలుగు పీవీసీ పైపులు కలిపిన అరమీటరు చదరాలు ఇచ్చారు. రాయిమీద చదరం పెట్టి లోపల ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయడం పని. ఇంట్లో పది నిమిషాలు ఒకచోట కూర్చోని పిల్ల గంటంపావు గొంతుక్కూర్చుని 212 బార్నకిల్స్ లెక్కపెట్టింది. పక్క పిల్లాడు 209 అన్నాడు. ఇద్దరూ దెబ్బలాడుకుని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు.

ఒక సన్యాసి పీత, తన ఒంటికి చాలని చిన్న గవ్వలో ఇరుక్కుని తిరుగుతోంది. దీనికి సొంత గుల్ల ఉండదు, పెరిగినకొద్దీ పెద్ద ఖాళీ గవ్వ వెతుక్కోవాలి, గవ్వలన్నీ మనం షోకేసుల్లో పెట్టుకుంటే దానికి ఇల్లేదీ అని అడిగారు. పగడాలు, సముద్రపు గుర్రాలు, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయని కూడా చెప్పారు. ఆ పూట ఇంటికి రాగానే బుజ్జి మా షోకేసు ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

రెండో రోజు సాయంత్రం జరిగింది చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

రాళ్ళ పని అయ్యాక పిల్లల్ని పక్కనున్న ఇసుక ఒడ్డుకి తీసుకెళ్ళారు. జాలరి తాత అందర్నీ వరసగా కూర్చోబెట్టి, "సముద్రంలోకి దిగాల్సొస్తే ఎక్కడ దిగుతారో సూపించండి," అన్నాడు. ఒకచోట అలలు తెల్లగా విరుగుతూ ఎగిరిపడుతున్నాయి. దాని పక్కనే పది పన్నెండు అడుగుల వెడల్పున నీళ్ళు కాస్త ముదురు రంగులో నిమ్మళంగా ఉన్నాయి. పిల్లలందరూ ఆ నిమ్మళంగా ఉన్నచోటే చూపించారు. నన్నడిగినా అదే చూపించేదాన్ని.

తాత రెండు ఎండు కొబ్బరి డొక్కలు తీశాడు. ఒకటి అలల్లోకి విసిరాడు. అది దొర్లుకుంటూ ఒడ్డుకి వచ్చేసింది. రెండోది ఆ నిమ్మళంగా ఉన్న నీళ్ళలోకి విసిరాడు. అది కాసేపు ఊగి, మెల్లగా లోపలికి బయల్దేరింది. చూస్తుండగానే అలలు విరిగే గీత దాటి పోయింది. పదిహేనుమంది పిల్లలూ మాట్లాడలేదు.

"అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాల గదా. ఇసకలో పల్లం దొరికితే అన్నీ ఆ దారినే పోతాయి. అక్కడ లోతెక్కువ, అల ఇరగదు. అందుకే మంచిగా కనబడతాది. దాన్నే నమ్మకూడదు."

దీన్నే రిప్ కరెంట్ అంటారని అమ్మాయిలు వివరించారు. అది మనిషిని కిందకి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. కంగారుపడి దానికి ఎదురీదితే ఎంత ఈత వచ్చినవాళ్ళయినా అలిసిపోతారు. వెల్లకిలా తేలాలి, చెయ్యెత్తి అరవాలి, ఈదగలిగితే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలున్న చోటికొచ్చి వాటితో పాటు ఒడ్డెక్కాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర బుజ్జి ఈ సంగతి నానమ్మకి చెప్పడం మొదలుపెట్టింది. మాటలు చాలలేదు. కంచంలో అన్నాన్ని అడ్డంగా గట్టులా పేర్చి, మధ్యలో వేలితో చిన్న గండి పెట్టి, ఇవతల చారు పోసింది. చారంతా ఆ గండిలోంచి అటు పారింది.

"చూశావా నానమ్మా, ఇదిగో ఈ గండి దగ్గర పైన అలలుండవు. అందరూ ఇక్కడే మంచిదనుకుని దిగుతారు. ఇక్కడే లాగేస్తుంది."

అత్తయ్యగారి చేయి కంచంలో ఆగిపోయింది. కలిపిన ముద్ద అలాగే ఉంది. కారం తగిలిందేమోనని నేను మంచినీళ్ళు జరిపాను. ఆవిడ తీసుకోలేదు.

"అలలు కొడుతున్నాయని వాడు ఏడుస్తుంటే, అటు నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి, అటెళ్ళి ఆడుకోరా అని నేనే చెప్పాను," అన్నారు.

అప్పటికి ఆవిడకి పన్నెండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. 56 ఏళ్ళు అయింది. పౌర్ణమి పోటుకి పోయాడని ఊరంతా అనుకున్నారు. అటెళ్ళమని తను చెప్పిన సంగతి ఆవిడ వాళ్ళమ్మకి చెప్పలేదు, మా మావయ్యగారికి చెప్పలేదు, కొడుక్కీ చెప్పలేదు. మా ఆయన తినడం ఆపేసి వాళ్ళమ్మ మొహంలోకి చూస్తున్నారు. ఏం మాట్లాడాలో మా ఇద్దరికీ తోచలేదు.

బుజ్జే అంది. "నీకెవరూ చెప్పలేదు కదా నానమ్మా. మాకూ ఇవాళే చెప్పారు. మేం పదిహేనుమందిమీ అక్కడే చూపించాం."

ఆవిడ దాని మొహం కేసి చూసి, "అందరూ అక్కడే చూపించారా?" అని అడిగారు. అందరం అంది పిల్ల. నేను కూడా అని నేనన్నాను. ఆవిడ లేచి చేయి కడుక్కుని తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మేమిద్దరం సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున్న శిబిరం మాన్పించేస్తారనుకున్నాను. ఆవిడ మామూలుగానే లేచి, కాఫీ తాగి, "పిల్ల బూట్లు తడిగా ఉన్నాయి, ఎండలో పెట్టావా?" అని అడిగారు.

మూడో రోజు ఒక చుక్క సముద్రపు నీటితో గడిచింది. సన్నని వల గుడ్డతో నీళ్ళు వడపోసి, ఫోల్డ్‌స్కోపులో చూపించారు. అది కాగితం మడిచి చేసే సూక్ష్మదర్శిని, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మను ప్రకాష్ గారి బృందం తయారుచేసింది. ఆ చుక్కలో గాజు పెట్టెల్లాంటి డయాటమ్‌లు, ముళ్ళ టోపీ పెట్టుకున్నట్టుండే పీత పిల్లలు కనబడ్డాయి. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలోని ఇలాంటి కంటికి కనబడని వృక్షజాతి నుంచే వస్తుందట.

నాలుగో రోజు పొద్దున్నే ఆరింటికి ఫిషింగ్ హార్బర్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు కదా, పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. వలలు అల్లుకుంటున్న వాళ్ళ దగ్గర కూర్చుని పిల్లలు ముడి వేయడం నేర్చుకున్నారు. ఒక చేపని కోసి మొప్పలు ఎలా పనిచేస్తాయో చూపించారు, తలలోంచి చిన్న తెల్లరాయి తీసి, చెట్టుకి వలయాలున్నట్టు దీనిలోనూ ఉంటాయి, వాటిని బట్టి వయసు లెక్కగడతారు అన్నారు. "అమ్మా, నువ్వు మార్కెట్లో మొప్ప ఎత్తి ఎరుపు చూస్తావు కదా, మేడమ్ కూడా అదే చేశారు," అని బుజ్జి నాకు పట్టా ఇచ్చేసింది.

ఐదో రోజు సాయంత్రం తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. నేను చీర మార్చుకుని వచ్చేసరికి అత్తయ్యగారు చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్నారు.

పిల్లలు తమ లెక్కల చార్టులు చూపిస్తుంటే ఆవిడ వాటిని చూడలేదు. జాలరి తాత దగ్గరికి వెళ్ళారు. ఆయనా ఆవిడ ఈడువాడే. నేను కాస్త దూరంలో నిలబడ్డాను కానీ మాటలు వినబడ్డాయి. ఆవిడ అంతా చెప్పారు. ఒడ్డు పేరు, ఏ వైపు, ఎంత దూరం అన్నీ.

ఆయన విని, "పన్నెండేళ్ళ గుంటకి ఏటి తెలుస్తాదమ్మా," అన్నాడు. "సముద్రం మీద పుట్టిన మా పిల్లలే పోతారు. ఎవరో ఒకరు సెప్పాల. సెప్పినోళ్ళు నేరప్పుడు నువ్వేటి సేస్తావు."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత, ఆ లాగుడు ఉన్నచోటు ఎలా గుర్తుపట్టాలో తనకీ చూపించమన్నారు. ఆయన చేయి చాపి చూపిస్తుంటే చీకటి పడేదాకా చూశారు.

మీ పిల్లల్ని ఇలాంటి శిబిరానికి పంపాలనుకుంటే అడగాల్సినవి నాకు తెలిసినంతవరకు చెబుతాను. ఎంతమంది పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉంటారు? ఆటుపోట్ల టైము చూసుకుని వెళ్తున్నారా? రోజూ ఒకే టైము చెబితే నేనైతే అనుమానిస్తాను. ఆ ఒడ్డు తెలిసిన జాలరి ఎవరైనా తోడుంటారా? పెద్ద అలలు వస్తాయని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ హెచ్చరిక ఇస్తే ఆ రోజు మానేస్తారా? ప్రాణులని సీసాల్లో ఇంటికి పంపుతారా? పంపుతామంటే వద్దనుకోండి. మొదటి రోజు సముద్రం ఎలా లాగుతుందో చెబుతారా? మా వాళ్ళు రెండో రోజు చెప్పారు, మొదటి రోజే చెబితే ఇంకా మంచిదని నేను అడిగాను, వచ్చే ఏడాది అలాగే చేస్తామన్నారు. టోపీ, నీళ్ళ సీసా, పాత బూట్లు మీరు ఎలాగూ పెడతారు.

మా పిల్లకి ఇంకా ఈత రాదు, చెప్పకుండా నీళ్ళలోకి దిగదు. ఇదివరకు నానమ్మ అరుస్తుందని దిగేది కాదు. ఇప్పుడు ఒడ్డున నిలబడి ఎక్కడ అల విరుగుతోంది, ఎక్కడ విరగడం లేదు అని ముందు చూస్తోంది. నాకు ఈ రెండో రకం మీదే నమ్మకం ఎక్కువ. మా ఆయన నలభై రెండేళ్ళ వయసులో ఈత క్లాసులో పేరిచ్చారు.

అత్తయ్యగారు క్యాలెండర్లో తిథి పక్కన పెన్సిలుతో నీళ్ళు దిగే టైము రాస్తున్నారు. ఎండ తగ్గాక నీళ్ళు దిగే రోజుల్లో, నెలకి ఒకటి రెండుసార్లు, ఆవిడా మనవరాలూ కలిసి వెళ్తున్నారు. ఆవిడ పార్కులో బెంచీ మీద కూర్చుంటారు, ఇది నేనో మా ఆయనో తోడుండగా కింద రాళ్ళమీద చదరం పెట్టి లెక్కపెడుతుంది. ఆవిడ మాత్రం ఇప్పటికీ నీళ్ళలో కాలు పెట్టలేదు. మేమూ రమ్మనలేదు.

మొన్న ఆదివారం ఆర్కే బీచిలో కూర్చున్నాం. కాలేజీ కుర్రాళ్ళు ఐదారుగురు చొక్కాలు విప్పి నీళ్ళకేసి వెళ్తున్నారు. అత్తయ్యగారు చేతిలో మొక్కజొన్న పొత్తు నాకిచ్చి లేచారు. ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వాళ్ళ వెనకాలే వెళ్ళి, "బాబూ, ఆ నిమ్మళంగా ఉన్నచోట దిగకండి, అక్కడే లాగుతుంది," అని గట్టిగా కేకేశారు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు. ఒకడు మాత్రం ఆగి, నీళ్ళకేసి చూసి, "సరే మామ్మగారూ," అని మిగతావాళ్ళని ఇవతలికి లాక్కొచ్చాడు. మోకాలి లోతులోనే ఆడుకున్నారు.

వాళ్ళు ఒడ్డెక్కి చొక్కాలు తొడుక్కునేదాకా ఆవిడ కూర్చోలేదు.